అన్నకూ నాకూ నాలుగు నెలల తేడా

పాస్‌పోర్ట్ అనే మాట మా వరంగల్ కాశిబుగ్గ గల్లీలోకి డెబ్బైల చివర్లో వచ్చింది. అంతకుముందు మేమెరిగిన పెద్ద కాగితం రేషన్ కార్డు ఒక్కటే. మిల్లు బట్ట వచ్చి మగ్గం బట్టను పక్కకు నెట్టేసిన రోజులవి. సొసైటీలో నూలు ఎప్పుడిస్తారో తెలియదు, ఇచ్చినా నేసినదాన్ని ఎవరు కొంటారో తెలియదు. అలాంటప్పుడు మా అన్న దుబాయి పోయాడు. నిజానికి అన్న పోయింది దుబాయికి కాదు. మా వైపు ఎడారి ఉన్న దేశం ఏదైనా దుబాయే, అంతే. అసలు ఊరి పేరు పలకడానికి మా నాయినకు చివరిదాకా నోరు తిరగలేదు.

రెండేళ్ళు తిరిగేసరికి అన్న ఉత్తరం రాశాడు. వాళ్ళ కట్టుబడి కంపెనీ ఇంకా మనుషులను తీసుకుంటోందట. పనిలో ఉన్నవాళ్ళు సొంత అన్నదమ్ములను పిలిపించుకోవచ్చట. నా పేరు ఇచ్చేశాడట. సొంత తమ్ముడు అన్న మాట కింద గీత కూడా గీశాడు. గడువులోగా పాస్‌పోర్ట్ చేతికి రాకపోతే ఆ వీసా ఇంకొకరి తమ్ముడికి పోతుందని రాశాడు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చునే నాకు ఆ ఉత్తరం చదవగానే విమానం ఎక్కినంత పనైంది. మేం అమ్మను అవ్వ అంటాం. మా అవ్వ నూలు కండెలు చుట్టేది ఆపి ఉత్తరమంతా నాతో రెండుసార్లు చదివించుకుంది.

"ఇద్దరు ఒక్కకాడ ఉంటరు. నాకింక ఫికరు లేదు" అంది.

నేను హైదరాబాద్ పోయి పాస్‌పోర్ట్ ఆఫీసు లైన్లో నిలబడ్డాను. దరఖాస్తుకు అన్న పాస్‌పోర్ట్ నకలు కూడా జత చేశాను. దాన్ని ఎవరూ అడగలేదు. మా ఇంట్లో ఇప్పటికే ఒకడు దుబాయిలో ఉన్నాడని తెలిస్తే ఆఫీసులో కాస్త మర్యాద దొరుకుతుందనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

కిటికీ అవతలి గుమాస్తా నా బడి సర్టిఫికెట్టునూ అన్న నకలునూ పక్కపక్కన పెట్టాడు. చాలాసేపు చూశాడు.

"ఈయన నీకు సొంత అన్నేనా?"

"సొంత అన్నే సార్."

"ఒక్క తల్లి పిల్లలేనా?"

"ఒక్క తల్లి పిల్లలమే సార్."

"మీ అన్న జూలైల పుట్టిండు. నువ్వు అదే యేడు నవంబర్ల పుట్టినవు. మీ అమ్మ నాలుగు నెలలకే ఇంకొకన్ని కన్నదా?"

వెనక లైన్లో ఉన్నవాళ్ళు నవ్వారు. ఒకడు పక్కవాడికి వివరించి మరీ నవ్వించాడు. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని గల్లీలో పేరు. మా అవ్వను ఒక మాట అన్నాడని ఒకడి చొక్కా చింపిన చరిత్ర కూడా ఉంది. ఆ రోజు ఆ కోపం ఎక్కడికి పోయిందో నాకు తెలియదు. తల కొట్టేసినట్టయి, ఇకిలిస్తూ నిలబడ్డాను. అవును, వాళ్ళతోపాటు నేనూ ఇకిలించాను. కిటికీ మూసేస్తాడేమోనని భయం.

ఆ తేదీల సంగతి ఇదీ. నాకు ఆరేళ్ళు వచ్చిన యేడు నాయిన మా ఇద్దరినీ ఒకేసారి బడికి తీసుకుపోయాడు. అన్న అప్పటికే తొమ్మిదేళ్ళు దాటినవాడు. ఇంట్లో కండెలు చుట్టడానికి ఒక చెయ్యి కావాలని అన్నాళ్ళూ వాణ్ణి బడిలో వేయలేదు. పుట్టిన తేదీ రాసిపెట్టుకునే అలవాటు మా ఇళ్ళలో లేదు కాబట్టి బడిలో ఒకటే పరీక్ష. కుడి చెయ్యి తల మీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకోవాలి. అందితే ఒకటో తరగతికి పనికొస్తాడు. నాకు చెవి అంచు అందింది. అన్నకైతే చెవి మొత్తం గుప్పిట్లోకి వచ్చింది.

"ఎప్పుడు పుట్టిండ్రు?" అని మాస్టారు అడిగాడు.

"పెద్దోడు ఆషాఢంల, చిన్నోడు దీపావళి ఎల్లంగనే" అన్నాడు నాయిన. ఏ యేడని అడిగితే నీళ్ళు నమిలాడు.

మాస్టారు మంచివాడు. ఒకటో తరగతిలో చేరుతున్న ఇద్దరికీ ఒకటే యేడు వేశాడు. నెలలు మాత్రం నాయిన చెప్పినవే వేశాడు. "పెద్దోనికి మూడేండ్లు తక్కువ పడ్డా నష్టం లేదు. రేపు నౌకరికి పనికొస్తది" అంటే నాయిన చేతులెత్తి దండం పెట్టాడు. నాకంటే మూడేళ్ళ నాలుగు నెలలు పెద్దవాడైన అన్న ఆ పూట నుంచి నాలుగు నెలలే పెద్దవాడయ్యాడు. పదో తరగతి దాకా ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చున్నాం. ఆ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూసే పని ఎవరికీ పడలేదు. చివరికి నేనే తీసుకుపోయి పెట్టాను.

నవ్వించిన గుమాస్తాయే మళ్ళీ జాలిపడ్డాడు. "చూసినంక చూడనట్టు ఎట్లుండాలె తమ్మీ? తేదీ తప్పయితే దిద్దించుకొని రా. తేదీలు సరైనవే అయితే ఇద్దరు తల్లుల పిల్లలని కోర్టుల అఫిడవిట్ తీసుకరా. అప్పుడు నాకేం అడ్డం లేదు" అన్నాడు.

నా తేదీ నిజం, అన్న తేదీ అబద్ధం. కానీ అబద్ధం రాసి ఉన్నవాడు దుబాయిలో పనిచేసుకుంటున్నాడు, నిజం రాసి ఉన్న నేను లైన్లో నిలబడ్డాను. అన్న తేదీ దిద్దాలంటే వాడి పాస్‌పోర్ట్ తప్పని మేమే చెప్పుకున్నట్టు. వాణ్ణి తిరుగు విమానం ఎక్కిస్తారని మా భయం. నా తేదీ దిద్దించాలంటే బడి దగ్గర్నుంచి జిల్లా ఆఫీసు దాకా చెప్పులరిగేలా తిరగాలి, అప్పటికి వీసా ఉండదు. రైల్లో వరంగల్ వచ్చేదాకా ఈ లెక్కే. ఎటు తిప్పినా అవ్వ దగ్గరికే వచ్చి ఆగుతోంది.

హన్మకొండ కోర్టు బయట టైపు మిషను పెట్టుకుని అర్జీలు రాసే ఒకాయన ఉండేవాడు. నాయినా అవ్వా నేనూ పోయి ఆయన ముందు కూర్చున్నాం. అంతా విని ఆయన తేలిగ్గా నవ్వేశాడు.

"ఇందుల ఏమున్నది కాకా? నీకు ఇద్దరు భార్యలని రాస్తే అయిపాయె. ఒకామె సచ్చిపోయింది. ఈ పోరడు ఆమె కొడుకు. ఈమె సాదింది. సచ్చినామెను ఎవడు పోయి అడుగుతడు?"

"నాకు ఒక్కతే భార్య" అన్నాడు నాయిన, ఎవరో మీద పడి కొట్టబోతున్నట్టు వెనక్కి జరిగి.

"కాగితం మీదనే కాకా. ఇంటికి తెచ్చుకొమ్మంటన్ననా?"

అన్న కాగితాల్లో అవ్వ పేరు ముందే ఎక్కి ఉంది. కాబట్టి వేరే తల్లికి పుట్టాల్సింది నేనే. ఆ చనిపోయిన ఆవిడకు ఒక పేరు కావాలన్నాడు ఆయన. నాయినకు పేరు తోచలేదు. అప్పటిదాకా కొంగు చివర వేలికి చుట్టుకుంటూ కూర్చున్న అవ్వ తలెత్తింది.

"మా అక్క పేరు రాయుండ్రి. పెండ్లి కాకముందే జరమొచ్చి పోయింది. పరాయామె పేరు వెట్టకుండ్రి. అక్క కొడుకంటే నా కొడుకే గదా."

టైపు ఆయన తల ఊపి పేరు కొట్టాడు. అవ్వ నా వైపు చూసి, ఏదో గండం గట్టెక్కినట్టు చిన్నగా నవ్వింది. నేను ఆ నవ్వు చూడలేక వీధి వైపు తిరిగాను. వద్దవ్వా, పోదాం పద, దుబాయి లేకపోతే పీడా పాయె అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. అనలేదు.

మేజిస్ట్రేటు ముందు పని చిటికెలో అయిపోతుందన్నారు. కాలేదు. అవ్వకు చదువు రాదు కాబట్టి కాగితంలో ఉన్నది ఆమెకు చదివి వినిపించి, ఒప్పుకుందని రాసుకోవాలట. బెంచి గుమాస్తా గొంతు పెద్దది. హాలులో ఉన్న అందరికీ వినిపించేలా చదివాడు. ఫలానా ఆయనకు ఇద్దరు భార్యలు, ఇద్దరూ అక్కచెల్లెళ్ళు, పక్కన నిలబడ్డ ఈ అబ్బాయి చనిపోయిన అక్కకు పుట్టినవాడు, చెల్లెలికి సవతి కొడుకు. అన్నీ చదివి, "అర్థమైందా అమ్మా? ఈ అబ్బాయి నీ కొడుకు కాదు, అవునా?" అన్నాడు.

"మా అక్క కొడుకు సార్."

"అట్ల కాదమ్మా. నీ కడుపున పుట్టిండా, లేదా? ఒక్క మాట చెప్పు."

అవ్వ కొంగు భుజం మీదుగా దగ్గరికి లాక్కుంది. నాయిన నేల చూపులు చూస్తున్నాడు. నేను అవ్వకు మూరెడు దూరంలో నిలబడి ఉన్నాను. ఆమె నా ముఖంలోకి చూసింది, చెప్పమంటావా అన్నట్టు. నేను తల ఊపాను. బడి చదువు చదివినవాణ్ణి, ఇరవై దాటినవాణ్ణి, చొక్కాలు చింపే మగాణ్ణి. తల ఊపాను.

"పుట్టలేదు సార్. నా కొడుకు గాదు" అంది అవ్వ.

వేలిముద్ర వేయించుకున్నారు. బయటికి వచ్చాక అవ్వ బొటనవేలి సిరా తలవెంట్రుకలకు తుడుచుకుంది, మా ఆడవాళ్ళంతా చేసినట్టే. "ఆకలైతాంది, ఏమన్న తిందాం పా" అంది. నాకు ఏడుపొచ్చింది. హోటల్లో ఎదురుగా కూర్చుని తన పూరీ ఒకటి నా ప్లేటులో వేసింది. నేను వద్దనకుండా తినేశాను.

మా కర్మకు ఆ రోజు హాలులో మా గల్లీ మనిషి ఒకాయన వేరే కేసు మీద వచ్చి కూర్చున్నాడు. మేం ఇల్లు చేరకముందే సంగతి గల్లీ చేరింది. నాయిన చాయ్ తాగడానికి పోతే, "ఏమయ్యో, పెద్ద భార్యను ఎక్కడ దాస్తివి ఇన్నేండ్లు?" అని ఆటపట్టించారు. నాయిన చాయ్ హోటలుకు పోవడం మానేశాడు. ఎరిగినవాళ్ళు నవ్వి ఊరుకున్నారు. కొత్తగా అద్దెకు వచ్చినవాళ్ళు మాత్రం నమ్మారు. ఒకావిడ నన్ను ఆపి, "అయ్యో, మీ చిన్నవ్వ మంచిగనే చూసుకుంటదా బిడ్డా?" అని జాలిపడింది. నేను ఆమె మీద ఇంతెత్తున లేచాను. పాపం ఆమెదేం తప్పు? చూపించాల్సిన చోట చూపించని కోపమంతా ఆమె మీద పడింది.

పాస్‌పోర్ట్ వచ్చింది. ఆ అఫిడవిట్‌నే అరబ్బీలోకి మార్పించి వీసా కాగితాలకు కుట్టారు. తండ్రి ఒక్కడే కాబట్టి కంపెనీ అడ్డు చెప్పలేదు. ఎనభైల మొదట్లో బొంబాయి మీదుగా విమానం ఎక్కాను. అక్కడ అన్నా నేనూ ఒకే గదిలో, ఒకే మంచానికి పైనా కిందా పడుకునేవాళ్ళం. కంపెనీ ఫైల్లో మాత్రం మేం సవతి అన్నదమ్ములం. అన్నకు సంగతంతా చెప్పాను. "అవ్వను కోర్టుకెందుకు గుంజుకపోయినవ్‌రా, నాకు రాస్తే ఏదన్న చేద్దును గద" అన్నాడు. ఏం చేసేవాడో వాడికీ తెలియదు, నాకూ తెలియదు. ఇద్దరం ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

కొన్నేళ్ళకు ఒక టెలిగ్రాం వచ్చింది. అవ్వను వరంగల్‌లో పెద్ద దవాఖానలో చేర్చారు, కడుపులో ఆపరేషన్, ఇద్దరూ బయల్దేరండి అని. కంపెనీ క్యాంపు ఆఫీసుకు పరుగెత్తాం. అక్కడి గుమాస్తా మలయాళీ, మంచి మనిషి. మా ఇద్దరి ఫైళ్ళూ తీశాడు. అన్న ఫైలు చూసి వెంటనే సంతకం పెట్టి, కంపెనీ తన దగ్గరే ఉంచుకున్న పాస్‌పోర్ట్ చేతికిచ్చాడు. నాది తెరిచి అక్కడే ఆగిపోయాడు.

అత్యవసర సెలవు కన్న తల్లిదండ్రులకే ఇస్తారు, నీ తల్లి చనిపోయిందని నీ ఫైల్లోనే ఉంది కదా అన్నాడు. నేను వచ్చీరాని హిందీలో అరిచాను, ఆమే నా తల్లి అని. ఆయన కోప్పడలేదు. పచ్చ ముద్ర వేసిన అఫిడవిట్ కాగితం నా ముందుకు తిప్పాడు. కింద అవ్వ వేలిముద్ర ఉంది. ఇది అబద్ధమని చెబుతావా? చెబితే పైకి రాస్తాను, రాస్తే మీ ఇద్దరి కథా ముగుస్తుంది అన్నాడు. అన్న నా మోచెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాడు. నేను నోరు మూసుకున్నాను. మా అవ్వను ఆ గుమాస్తా ముందు రెండోసారి కాదన్నట్టయింది.

అన్న ఒక్కడే పోయాడు. నేను పొద్దున్నే లేచి పనికి పోయాను. సిమెంటు బస్తాలు మోస్తుంటే, అవ్వ బతికే ఉందో లేదో తెలియకుండా బస్తాలు మోస్తున్నానే అని నా మీద నాకే అసహ్యం వేసేది. ఎవరైనా ఏమైందని అడిగితే, మా అవ్వకు బాగాలేదు అనడానికి కూడా జంకేవాణ్ణి. క్యాంపులో ఎవరు విని ఎవరికి చెబుతారో!

అవ్వ బతికింది. అన్న తిరిగొచ్చిన రోజు సంచిలోంచి సకినాలు తీసి ముందు పెట్టాడు. దవాఖానలో ఆపరేషన్‌కు ముందు పేర్లు రాసుకునే మనిషి వచ్చి, పిల్లలెందరని అడిగాడట. ఒక్కడే కొడుకు అని చెప్పిందట అవ్వ. అన్నకు మండిపోయి, చిన్నోణ్ణి మరిచిపోయినవా అని అడగబోతే, దుప్పటి కిందినుంచి వాడి చెయ్యి గిల్లిందట.

"ఊకో కొడుకా. సర్కారు దవాఖాన ఇది. రాసుకుంటాండు, కనబడుత లేదా? ఆడ వాని నౌకరికి ఏమన్న అయితే?"

ఒక్క దవాఖానే కాదట. జనాభా లెక్కల వాళ్ళొచ్చినా, ఓట్లు రాసుకునే వాళ్ళొచ్చినా, చేతిలో కాగితం ఉన్న మనిషి ఎవరు గడప తొక్కినా, ఒక్కడే కొడుకు అని చెబుతోందట. కోర్టులో ఒకసారి చెప్పేసిన మాట అక్కడితో పోయిందని నేననుకున్నాను. ఆవిడ దాన్ని ఇన్నేళ్ళూ కాపలా కాస్తోంది. కత్తుల కింద పడుకోబోతూ కూడా కాసింది. అన్న చెబుతుంటే నేను సకినం నోట్లో పెట్టుకుని నమలలేక కూర్చున్నాను. ఏ మొహం పెట్టుకుని ఇంటికి పోవాలి అనిపించింది.

ఎనభైల చివర్లో ఆ కట్టుబడి పని ముగిసి, నేను వీసా రద్దు చేయించుకుని వచ్చేశాను. మళ్ళీ పోయే ఉద్దేశం లేదు. పాస్‌పోర్ట్ గడువు కూడా దాటబోతోంది, మళ్ళీ రాయించుకోనని అవ్వతో చెప్పాను. ఆమె సరే అంది. నమ్మినట్టు నాకు అనిపించలేదు.

వచ్చిన నెలలోనే కొత్త రేషన్ కార్డులని ఒకాయన ఇంటింటికీ వచ్చాడు. అరుగు మీద కూర్చుని మోకాలి మీద అట్ట పెట్టుకుని రాస్తున్నాడు. నాయిన పేరు రాశాడు, అవ్వ పేరు రాశాడు, దుబాయిలో ఉన్న అన్న సంగతి అడిగాడు. అప్పుడు లోపలినుంచి నేను బయటికి వచ్చాను.

"ఈయనెవరమ్మా?"

అవ్వ ఆ కలం వైపు చూసింది, నా వైపు చూసింది. చెప్పవే, ఇంక భయమేం లేదు అన్నాను. ఆయన మళ్ళీ అడగబోతుంటే అవ్వ అరుగు దగ్గరికి జరిగి, గొంతు తగ్గించింది.

"జర కలం పక్కకు వెట్టు సారూ. రాసుకోకుండ్రి, ఊకెనే చెప్తాన్న. వీడు నా చిన్న కొడుకు."